నూకరత్నం ఖాతా

నూకరత్నం పోయి సంవత్సరీకం కూడా కాలేదు. ఫ్యాక్టరీలో చెడిపోతున్న పంపులన్నీ ఆమే చెడగొడుతోందని తేలింది.

తేల్చినవాడు చంద్రమౌళి, ఖర్చుల లెక్కలు చూసే కాస్ట్ ఆఫీసరు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరి మీదా పగ లేదు. పగ ఉండాలంటే మనుషుల ముఖాలు చూడాలి, అతనికి ఆ అలవాటు లేదు. హెడ్డాఫీసు వాళ్ళు అతన్ని ఏదో పెద్ద హోటల్లో శిక్షణకి పంపారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిలా వెళ్ళాడు. వచ్చేటప్పుడు సిద్ధాంతంతో వచ్చాడు.

అంతకుముందు ఆ ఫౌండ్రీలో పద్ధతి సులువుగా ఉండేది. కరిగిన ఇనుము అచ్చుల్లో పోసేవారు. కొన్ని పంపులు బాగా వచ్చేవి. కొన్నిటికి చిల్లులు పడేవి, కొన్ని బీటలిచ్చేవి. చెడ్డవాటిని రిజెక్టు గుట్టలో పారేసి మళ్ళీ కరిగించేవారు. వాటికైన ఖర్చు కూరలో ఉప్పులాగా అన్ని ఆర్డర్ల మీదా కాస్త కాస్త చల్లేవారు. ఇనుముతో పని అన్నాక కొంత పోతుంది. ఆ పోయేదానికి లెక్కల పుస్తకాల్లో 'సాధారణ లోపం' అని పేరు కూడా ఉంది.

చంద్రమౌళి షాపులో అందర్నీ నిలబెట్టి మీటింగు పెట్టాడు.

"సాధారణం అనే పదాన్ని నేటి నుంచి రద్దు చేయడమైనది," అన్నాడు. "ప్రతి లోపానికీ ఒక కారకుడుంటాడు. కారకుడు తెలియని వ్యయాన్ని అనాథ వ్యయం అంటారు. మన సంస్థలో అనాథ వ్యయం ఉండరాదు. చెడిన ప్రతి వస్తువునూ దాని కన్నవారి ఖాతాలో రాస్తాం. రిజెక్టు వస్తువు ఎక్కడా కంటికి కనపడరాదు. గుర్తించిన వెంటనే గుట్టకు తరలించాలి."

"జీతాల్లో కోస్తారా బాబూ?" అని అడిగాడు గవరయ్య. అతను లేతు మీద పనిచేస్తాడు, యూనియన్ సెక్రటరీ కూడా.

"అది తదుపరి దశ. ముందు కారకుణ్ణి కనుక్కోవాలి."

కనుక్కోవడం మొదలైంది. అచ్చు కట్టేవాణ్ణి అడిగితే ఇనుము చల్లారిపోయిందన్నాడు. ఇనుము కరిగించేవాడు ఇసుక తడిగా ఉందన్నాడు. ఇసుక కలిపేవాడు అచ్చు లోపల పెట్టే కోరు బాగాలేదన్నాడు. కోరు షాపులో ఆడవాళ్ళు మేం ఆ పూట రాలేదన్నారు. చంద్రమౌళికి విసుగు పుట్టి టార్చిలైటు తెప్పించుకుని, బీటలిచ్చిన పంపులో తల దూర్చాడు. లోపల గోడ మీద ఒక గుర్తు కనిపించింది. నెలవంక, దాని కింద ఒక చుక్క.

ఇంకో పంపు చూశాడు. నెలవంక, చుక్క. గుట్టంతా చూశాడు. అన్నిట్లోనూ అదే.

పంపు లోపల నీళ్ళు తిరగడానికి ఖాళీ కావాలి. ఆ ఖాళీ ఆకారంలోనే ఇసుకని చెక్కపెట్టెలో దట్టించి, ఒక ముద్ద చేసి అచ్చులో పెడతారు. అదే కోరు. కోర్లు చేసేది ఆడవాళ్ళు. ఎవరి పని వాళ్ళకి తెలియాలని ఒక్కొక్కరూ తమ కోరు మీద మేకుతో ఒక గుర్తు గీసుకునేవారు. నూకరత్నానికి ప్రతిదాని మీదా గీసే ఓపిక లేదు. మొగుడి చేత తన కోరుపెట్టె లోపలే నెలవంక చెక్కించుకుంది. మొగుడు పైడిరాజు, అదే ఫౌండ్రీలో అచ్చులు కట్టే మౌల్డరు. ఆమె పెట్టెలోంచి వచ్చిన కోర్లు విరిగేవి కావు. అందుకని కంపెనీ ఆ పెట్టెనే నమూనాగా ఇచ్చి మిగతా పెట్టెలన్నీ చేయించింది. చేసిన వడ్రంగి నమ్మకస్తుడు. ఏదీ వదలకుండా నెలవంకతో సహా దించాడు.

అప్పట్నుంచీ ఆ ఫౌండ్రీలో పుట్టిన ప్రతి పంపు కడుపులోనూ నెలవంక ఉంది. మంచిదానిలోనూ ఉంది, చెడ్డదానిలోనూ ఉంది. చంద్రమౌళి మంచివాటిలో తల దూర్చలేదు. వాటితో అతనికి పని లేదు.

"ఇదెవరి గుర్తు?"

"నూకరత్నానిదండి," అన్నాడు సూపర్‌వైజరు. "కానండి, ఆవిడ చచ్చిపోయిందండి."

"ఎవరు చెప్పారు?"

"హాజరు పట్టీలో కొట్టేశామండి."

"హాజరు పట్టీ కాగితం. ఇది ఇనుము," అన్నాడు చంద్రమౌళి. "దేన్ని సాక్ష్యంగా పరిగణించాలో మీరే చెప్పండి."

సూపర్‌వైజరుకి పెళ్ళాం పిల్లలున్నారు. ఇనుమునే పరిగణించమన్నాడు.

మర్నాడు గేటు దగ్గర బోర్డు వెలిసింది. ఎర్ర రంగుతో, 'ఈ మాసపు లోపకారకులు' అని. కింద ఒక్కటే పేరు.

పైడిరాజు ఆ గేటులోంచే డ్యూటీకి వెళ్ళాలి, అందులోంచే ఇంటికి రావాలి. మొదటిరోజు ఆగి చదివాడు. చదివి, ఎవరో అదే పేరుగల మనిషి అనుకోడానికి ప్రయత్నించాడు. కుదర్లేదు. ఇంటిపేరు కూడా రాశారు. ఇంటికెళ్ళి, పెట్టె అడుగునుంచి కాగితం తీసుకుని ఆఫీసుకొచ్చాడు.

"నమస్కారం బాబూ. ఆ బోర్డు మీద పేరు మా ఇంటిదానిది. తను లేదు. ఇదిగో, మున్సిపాలిటీవోళ్ళ కాగితం. ఆ పేరు తీయించండి."

చంద్రమౌళి కాగితం ముందూ వెనకా చదివాడు.

"ఈ తేదీ తర్వాత కూడా ఆమె వస్తువులు వస్తున్నాయి."

"ఆమె చేసినవి కావు బాబూ. పెట్టె ఆమెది. చేసేవోళ్ళు వేరు."

"గుర్తు?"

"గుర్తు ఆమెదే."

"అంటే అంగీకరిస్తున్నారు."

"నేనేటీ అంగీకరించలేదు. చచ్చిపోయిందని చెప్తన్నాను."

"మరణాన్ని మేం కాదనడం లేదు, పైడిరాజు. మీ దుఃఖంలో సంస్థ పాలుపంచుకుంటుంది. అయితే సదరు మరణం మా ఖాతాలతో సరిపోలడం లేదు. రెండింట్లో ఒకదాన్ని సవరించాలి. ఖాతాలకి ఆడిట్ అయిపోయింది."

పైడిరాజు కాగితం వెనక్కి తీసుకున్నాడు.

"మంచి పంపుల్లో కూడా అదే గుర్తుంది కదా బాబూ. అవెవరివి?"

"మంచివి సంస్థవి."

"చెడ్డవి?"

"కారకులవి. చూశారా, విధానంలో గందరగోళం ఏమీ లేదు."

పైడిరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అలాంటి కాగితం ఇంకొకటి కూడా ఇంట్లో ఉంది. కోరు షాపులో ఇసుక దుమ్ము, మాడిన నూనె పొగ. నూకరత్నం పదేపదే దగ్గి, చివరికి దగ్గడానికి కూడా ఊపిరి చాలక పోయింది. అప్పుడు పైడిరాజు ఇదే ఆఫీసుకొచ్చి, ఇది మీ దుమ్ము వల్లే కదా అని అడిగాడు. కంపెనీ డాక్టరు రాసిచ్చాడు, 'మరణమునకు కారణము నిర్ధారించుట సాధ్యము కాదు' అని. టార్చిలైటు పట్టుకుని ఆ రొమ్ములో ఎవరూ తల దూర్చలేదు. చిల్లుపడిన ప్రతి పంపుకీ కన్నవాళ్ళని వెతికిన కంపెనీలో ఆ చావొక్కటే అనాథగా మిగిలింది.

గవరయ్య పైడిరాజుని క్యాంటీన్‌లో పట్టుకున్నాడు. నూకరత్నం గవరయ్యకి వరసకి అప్ప, అంటే అక్క.

"బావా, కోపం తెచ్చుకోకు. ఆ పేరు తీయించేస్తే దాని కింద ఎవరి పేరొస్తుంది చెప్పు? నీదో నాదో."

"వస్తే రానీ. బతికున్నోళ్ళం. జవాబు చెప్పుకుంటాం."

"నువ్వు చెప్పుకుంటావు. నాకు ముగ్గురు పిల్లలు. మా అప్ప ఉన్నప్పుడు తన క్యారేజీలో కూర అందరికీ పెట్టేది. ఇప్పుడు ఇలా ఆదుకుంటంది అనుకో."

"యూనియన్ తరఫున అర్జీ పెట్టవా?"

"ఏమని పెట్టమంటావు? రిజెక్షన్లు మావే, మా మీదే రాయండి అనా? నన్ను మర్నాడే సెక్రటరీ పదవిలోంచి దింపేస్తారు." అని, చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా, "ఏటేమైనా నిన్న మా అప్ప బాగా కష్టపడింది రోయ్. ఒక్క షిఫ్టులో గుట్ట ఎంత పెంచేసిందో చూశారా!" అన్నాడు.

అందరూ నవ్వారు. పైడిరాజు పళ్ళెం వదిలేసి లేచిపోయాడు.

గుట్ట పెరగడం నిజం. ఎందుకు పెరగదు? ఇనుము చల్లారినా పోసేయొచ్చు. ఇసుక తడిసినా దట్టించేయొచ్చు. ఎవరికీ ఏమీ కాదు, పైన రాసుకునే మనిషి ఉంది. కోరే అక్కర్లేని పంపు మూతలు కూడా పగలడం మొదలయ్యాయి. వాటి మీద నెలవంక ఎక్కడుంటుందని సూపర్‌వైజరు భయపడుతూ అడిగాడు. చంద్రమౌళి ఒక పూటంతా ఆలోచించి, ఆ మూతలు బిగించేది ఆమె పంపులకే కనక 'సాహచర్య దోషం' కింద ఆమెకే రాయమన్నాడు. ఆ మాట క్యాంటీన్ కాంట్రాక్టరు చెవినపడింది. ఉప్మా మాడినరోజున అర్జీ పెట్టుకున్నాడు. మూకుడు ఇదే ఫౌండ్రీలో పోసింది. మంజూరైంది.

ఖర్చంతా నూకరత్నం ఖాతాలోకి పోయేసరికి ఆర్డర్లు కడిగిన ముత్యాల్లా బయటపడ్డాయి. ఏ ఆర్డరు తీసినా లోపం సున్నా. హెడ్డాఫీసు వాళ్ళు మురిసిపోయి జనరల్ మేనేజరు వరదరాజులుకి 'నిర్దోష కర్మాగారం' అని పటం కట్టించిన పత్రం పంపారు. ఆయన దాన్ని తన కుర్చీ వెనక, దేవుడి పటానికి కాస్త పైన పెట్టించుకున్నాడు.

పత్రంతోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. ఇంత నష్టం చేస్తున్న ఉద్యోగిని మీద ఏం చర్య తీసుకున్నారు?

దాంతో విచారణ పెట్టారు. వరదరాజులు విచారణాధికారి. చంద్రమౌళి అభియోగం చదువుతాడు. గోడవారగా ఖాళీ కుర్చీ ఒకటి వేసి, దాని ముందు గ్లాసుతో మంచినీళ్ళు పెట్టారు. బంధువుల్లో ఒకరుండాలన్నారు కనక పైడిరాజుని పిలిచారు, పరిశీలకుడిగా.

అటెండరు వరండాలోకి వెళ్ళి పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. పైడిరాజు తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. చూసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఉద్యోగిని హాజరు కాలేదు అని రాయండి," అన్నాడు వరదరాజులు.

"సార్, ఆక్షేపణ," అన్నాడు చంద్రమౌళి. "ఈరోజు ఉదయం పోసిన పంపుల్లో కూడా ఆమె గుర్తు పడింది. కాబట్టి ఉద్యోగిని ఆవరణలోనే ఉన్నట్టు. హాజరై మౌనం వహించినట్టు."

"అలాగే రాయండి."

"అయ్యా," అన్నాడు పైడిరాజు, "ఆ కుర్చీలో ఎవరూ లేరు."

"మీరు పరిశీలకులు మాత్రమే. పరిశీలించండి."

"పరిశీలించే చెప్తన్నానండి."

అది రాసుకోలేదు. అభియోగం చదివారు. ఉప్మా సంగతి కూడా చదివారు. "నీ సమాధానం ఏమిటి?" అని వరదరాజులు కుర్చీని అడిగాడు. ఆయనది మర్యాదస్తుల కుటుంబం. జవాబు కోసం తగినంతసేపు ఆగాడు. తర్వాత మౌనాన్ని ఒప్పుకోలుగా పరిగణించడమైనదని చెప్పి, డిస్మిస్ అని రాయబోయాడు.

చంద్రమౌళి వంగి చెవిలో చెప్పాడు. "సార్, ఆమెని తీసేస్తే రేపటినుంచి లోపాలన్నీ అనాథలవుతాయి."

వరదరాజులుకి కుర్చీ వెనక పటం గుర్తొచ్చింది. కలం ఆగింది. చివరికి ఉత్తర్వు ఇలా వచ్చింది: 'ఉద్యోగినిని తీవ్రముగా మందలించుచూ, సంస్థ ప్రయోజనముల దృష్ట్యా ఆమె సేవలను శాశ్వత ప్రాతిపదికన కొనసాగించడమైనది.'

బతికుండగా నన్ను పర్మినెంటు చెయ్యండి బాబూ అని నూకరత్నం ఆ ఆఫీసులో తిరగని గది లేదు. దుమ్ములో ఊపిరి పోయేదాకా టెంపరరీగానే ఉంచారు. చచ్చి, పనికి రాకుండా పోయాక పర్మినెంటు అయింది.

పర్మినెంటు ఉద్యోగికి పర్మినెంటు బోర్డు ఉండాలి కదా. నెలనెలా అదే పేరు మీద మళ్ళీ ఎర్ర రంగు వేయించడం దండగని చంద్రమౌళికి తోచింది. పేరు మారేది కాదు. ఇనుముతో పోయించేస్తే ఒక్కసారితో పోతుంది. నోటు పెట్టాడు. పొదుపు పెన్నిధి అని వరదరాజులు మెచ్చుకుని సంతకం పెట్టాడు. అక్షరాలు సన్నంగా, శుభ్రంగా రావాలి. అలాంటి అచ్చు కట్టగలిగిన మౌల్డరు ఫౌండ్రీలో ఒక్కడే ఉన్నాడు.

"ఇంకెవరి చేతనైనా చేయిద్దామండి," అన్నాడు సూపర్‌వైజరు నేలచూపులు చూస్తూ.

"నైపుణ్యాన్ని బంధుత్వంతో ముడిపెట్టడం సంస్థకి క్షేమం కాదు," అన్నాడు చంద్రమౌళి.

పైడిరాజు కాదనలేదు. చెక్క అక్షరాలు తెచ్చుకుని ఇసుకలో తిరగేసి ఒత్తాడు. నూ. క. ర. నూకరత్నానికి చదువు రాదు. పేరు రాసుకోవడం రాకే నెలవంక పెట్టుకుంది. తన పేరు ఇంత పెద్దగా, ఇంత గట్టిగా ఎక్కడైనా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకుని ఉండదు. పెళ్ళినాడు ఒక్కసారి పందిరి పక్క గోడ మీద ఆమె పేరు సున్నంతో రాశారు. వానకి పోయింది.

అచ్చు చెడగొట్టాలని చెయ్యి లాగింది. ఒక్క గుప్పెడు తడి ఇసుక చాలు, బోర్డు చిల్లులు పడి చస్తుంది. కానీ చెడితే ఎవరి ఖాతాలోకి పోతుంది? మళ్ళీ ఆమెదే. బాగా వస్తే కంపెనీది. పైడిరాజు ఇసుక చేతిలో పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. ఆ మాట మనసులో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. తర్వాత ఇసుక పారేసి, లేచి, జన్మలో ఎప్పుడూ కట్టనంత బాగా ఆ అచ్చు కట్టాడు.

బోర్డు అద్దంలా వచ్చింది.

ఆవిష్కరణ పగటి షిఫ్టు మొదలయ్యే వేళకి పెట్టారు. గేటు స్తంభానికి కొక్కేలు దిగ్గొట్టి బోర్డు వేలాడదీశారు. పచ్చగుడ్డ కప్పారు. కార్మికులందర్నీ నిలబెట్టారు. వరదరాజులు మాట్లాడాడు. లోపాన్ని గుర్తించే ధైర్యం అందరికీ ఉండదన్నాడు. ఈ ఇనుము మన తర్వాత తరాలకి కూడా చెబుతుందన్నాడు. గుడ్డ లాగాడు. చప్పట్లు కొట్టారు. చంద్రమౌళి చిన్న సుత్తితో బోర్డుని తట్టి చూశాడు. గంటలా మోగింది.

"లోపరహితం," అని ప్రకటించాడు.

పైడిరాజు వరసలోంచి బయటికొచ్చాడు. కొక్కేలు దిగ్గొట్టిన సమ్మెట ఇంకా స్తంభానికి ఆనించే ఉంది.

"బాబూ, ఒక్క మాట. పని బాగుందా?"

"అద్భుతంగా ఉంది పైడిరాజు. సంస్థ గర్విస్తోంది."

"వంక ఏటీ లేదు కదా?"

"ఏమాత్రం లేదు."

"అయితే ఇది ఎవరిది?"

"సంస్థది. మంచివి సంస్థవని మీకు మొదట్లోనే చెప్పాను."

పైడిరాజు సమ్మెట ఎత్తాడు. పోత ఇనుము పైకి బండలా కనిపిస్తుంది గాని దెబ్బకి ఆగదు. మొదటి దెబ్బకి అడ్డంగా బీటలిచ్చింది. రెండో దెబ్బకి నూకరత్నం ముక్కలై గేటు ముందు రాలింది.

"ఇప్పుడెవరిది బాబూ?" అన్నాడు పైడిరాజు.

గేటు వాచ్‌మన్ ఈల నోట్లో పెట్టుకుని, ఊదాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు.

"పట్టుకోండి వాణ్ణి!" అని అరిచాడు వరదరాజులు. "వాడి పేరు రాయండి! అందరం కళ్ళారా చూశాం!"

"రాయండి," అన్నాడు పైడిరాజు. "నా చెయ్యే."

వాచ్‌మన్ రిజిస్టరు తెరిచాడు. చంద్రమౌళి ఒక్క గెంతులో వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, చెయ్యి చూసి రాయకూడదు," అన్నాడు. "ఈ ఒక్కదానికి చెయ్యి చూసి రాస్తే, గుట్టలో ఉన్నవాటన్నిటికీ చేతులు వెతకాలి. అన్ని ఆర్డర్లూ తిరగదోడాలి. అప్పుడా పత్రం..."

వరదరాజులు వరసల వైపు చూశాడు. అక్కడ అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. గవరయ్య చంకల్లో దాచుకున్నాడు. వరదరాజులు తన చేతుల వైపు కూడా ఒకసారి చూసుకున్నాడు.

"ఈ బోర్డు మన దగ్గర పోసిందేనా?" అన్నాడు మెల్లగా.

"మన దగ్గరిదే సార్."

"ఇప్పుడు ఇది చెడిన వస్తువేనా?"

"నిస్సందేహంగా సార్."

"మరింకేం. విధానం ప్రకారం రాయండి."

వాచ్‌మన్ రాశాడు. బోర్డు ఒకటి, పగిలినది. కారకురాలు నూకరత్నం. సాక్షుల చోట జనరల్ మేనేజరూ కాస్ట్ ఆఫీసరూ సంతకాలు పెట్టారు, కళ్ళారా చూసినవాళ్ళు కనక.

"కొత్త బోర్డు పోయిద్దామా?" అని అడిగాడు వరదరాజులు, కారెక్కుతూ.

చంద్రమౌళి సమ్మెట వైపు చూశాడు. అది ఇంకా పైడిరాజు చేతిలోనే ఉంది.

"ప్రస్తుతానికి వద్దు సార్. కారకురాలికి బోర్డులు పగలగొట్టే స్వభావం ఉన్నట్టు రికార్డులో తేలింది. అనవసర వ్యయం."

రిజెక్టు వస్తువు కంటికి కనపడరాదని నియమం. పైడిరాజు తోపుడుబండి తెచ్చి, ముక్కలన్నీ ఏరి పేర్చుకుని, గుట్ట వైపు తోసుకుంటూ బయల్దేరాడు. గేటు స్తంభానికి కొక్కేలు మాత్రం మిగిలాయి.

గవరయ్య వెనకాలే వచ్చి, అటూ ఇటూ చూసి, బండికి ఒక చెయ్యి వేశాడు.

"మా అప్ప ఇవాళ గట్టిగానే కొట్టింది బావా," అన్నాడు.

"కొట్టదేటి మరి," అన్నాడు పైడిరాజు.